సెల్లార్ గదిలో తడి

గోపాల్ పిడికిట్లో ఫయాజ్ చొక్కా కాలర్ బిగుసుకుపోయింది. ఎముకల వార్డు ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"తుంటి బొక్క రెండు తునకలైంది ర! నువ్వేసిన నేల మీదనే పడ్డడు మా బాపు. సమజైతుందా?"

"అన్నా, జర కాలర్ ఇడువు. నేనేడికి పోత? ఫోన్ చెయ్యంగనే నా అంతట నేనే వచ్చిన గద."

"పొద్దుగూకేలోపల ఠాణాకు పోతం. గక్కడ చెప్పు నీ ముచ్చట్లు."

వినోద ఇద్దరి మధ్యా దూరింది. భర్త వేళ్ళు విప్పడానికి ఆమె బలం చాలలేదు. సెక్యూరిటీ గార్డు వచ్చి, "సార్, ఇది దవాఖాన. లొల్లి చేస్తే బయటికి పంపుత" అని గద్దించాక గానీ గోపాల్ వదల్లేదు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఒకరి మీద చెయ్యి వెయ్యడం వినోద చూడటం ఇదే మొదటిసారి.

నిన్న మధ్యాహ్నం మామ హనుమండ్లు ఇంటి కింద సెల్లార్ గదిలో జారిపడ్డాడు. ఇవాళ సాయంత్రం ఆపరేషన్. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మత్తుమందుకు తట్టుకుంటాయో లేదో చెప్పలేమని డాక్టరు పొద్దున్నే తేల్చేశాడు.

"ఫయాజ్‌ను అంటే ఏమొస్తది అన్నా?"

ఆ గొంతు గోపాల్ చెల్లెలిది. నవనీత తెల్లవారేసరికి మందమర్రి నుంచి వచ్చింది. అప్పటినుంచీ ఆమె చూపు వదినె మీంచి కదల్లేదు.

"దుకాణంకు పోయి, ఒక్కొక్కటి ముట్టి చూసి, గీ నేలనే గావాలె అని పసందు చేసిందెవరు? వదినె కాదా? పైన మూడు రూములల్ల మీరు పండుకుంటరు. ముసలాయన మాత్రం కింద సెల్లార్ల, తడిల, ఒంటరిగ."

"నవనీతా, కింద ఉంట అని మామనే అడిగిండు. నీకు తెల్వదా?"

"అడిగితే? బాయిల దిగుతనంటే బాయిల గూడ దించుతవా?" నవనీత కళ్ళు తుడుచుకుంది. "బాపు మంచిగై బయటికొస్తే సీదా మా ఇంటికి తోల్కపోత. మళ్ళ నీ గడప తొక్కనియ్య. చెప్తున్న విను."

వినోద ఒక అడుగు వెనక్కి వేసింది. నిందకు కాదు. ఆ ఇంట్లో మామ ఉండడు అన్న మాటకు.

తను పోస్టాఫీసు పరీక్షకు చదువుకునే రోజుల్లో, తెల్లారకముందే లేచి చాయ్ పెట్టి గ్లాసు పుస్తకం పక్కన పెట్టిన మనిషి అతను. "మొదటి షిఫ్టోనికి చాయ్ పడకుంటే కన్ను తెరుసుకోదు బిడ్డా" అనేవాడు. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు గోపాల్ మిఠాయి తెచ్చాడు. మామ మాత్రం ఏమీ అనకుండా బయటికి వెళ్ళి, కాలనీ అంతా తిరిగి ఇంటింటికీ చెప్పి వచ్చాడు.

ఆ మనిషిని సెల్లార్‌లోకి తోసిందెవరు? నిజం చెప్పాలంటే నిద్ర. బాయి నుంచి రిటైరై, మందమర్రి క్వార్టరు ఖాళీ చేసి కరీంనగర్ వచ్చాక అతనికి పై గదుల్లో నిద్ర పట్టేది కాదు. కిటికీలోంచి వెలుతురు, రోడ్డు మీద హారన్లు, స్లాబు వేడి. ఒకరోజు ఏదో వెతుక్కుంటూ కిందికి దిగి, బియ్యం బస్తాల పక్కన బొంత పరుచుకుని సాయంత్రం దాకా పడుకున్నాడు. "ఇక్కడ సల్లగున్నది. నా పానం నిమ్మలంగున్నది" అన్నాడు లేచి. ఇల్లు వాలు మీద కట్టింది కాబట్టి ఆ గదికి ఒక పక్క తలుపు నేరుగా సందులోకి తెరుచుకుంటుంది, కిటికీ కూడా ఉంది. బస్తాలు తీయించి మంచం వేశారు. అత్తమ్మ రామవ్వ కూడా తన పక్క కిందికే మార్చుకుంది.

అప్పటినుంచే తడి మొదలైంది. సిమెంటు నేల నల్లబడింది. చాప కింద బూజు పట్టింది. ఊరి పక్క డ్యాం నిండింది, భూమిలో ఊట పైకొచ్చిందని కాలనీ అంతా తీర్పు చెప్పింది. టైల్స్ వేయిస్తే మామ ఒకసారి కాలుజారి మంచంకోడు పట్టుకుని ఆగాడు. అప్పుడే వినోద సెలవు పెట్టి ఫయాజ్ దుకాణానికి వెళ్ళింది.

ఫయాజ్ అన్నీ ముందు పరిచాడు. చెక్క నేల చూపించి, "చూడనీకె షాన్‌దార్ అక్కా, కానీ నీళ్ళు తాకితే పూరిలెక్క ఉబ్బుతది" అన్నాడు. కార్పెట్ మీద చెయ్యి వేయగానే, "గది ఎయ్యి, పుట్టగొడుగులు అమ్ముకోవచ్చు" అని నవ్వాడు. గ్రానైట్ అన్నాడు, నున్నగా ఉంటుంది మళ్ళీ జారతారన్నాడు. చివరికి సిమెంటుకు అతికించే ప్లాస్టిక్ లాంటి వినైల్ పలకలు. వినోద చెప్పులు విప్పి వాటి మీద నిలబడి చూసింది. టైల్స్‌లా చలి ఎక్కలేదు. మామ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇదే అంది.

అయినా ఫయాజ్ వెంటనే పని మొదలుపెట్టలేదు. మంచం వెనక మూలలో టైల్స్ తీయించి, సిమెంటు మీద ఒక ప్లాస్టిక్ కవర్ పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి వెళ్ళాడు. భూమిలోంచి నీళ్ళొస్తే కవర్ లోపలివైపు చెమట పట్టాలి. కొన్ని రోజుల తర్వాత వినోద ఎదుటే లేపి చూశాడు. పొడిగా ఉంది. అప్పుడు వేశాడు పలకలు. రెండు నెలలు తిరక్కుండానే వాటి అంచులు లేచాయి, గదిలో మళ్ళీ అదే వాసన.

ఇప్పుడు ఆ ఫయాజ్ గోడకు ఆనుకుని తెగిన గుండీ కోసం నేల మీద చూస్తున్నాడు.

"కవర్ పెట్టి చూసిన అక్కా. నువ్వు గూడ చూసినవ్. కింద తడి లేకుండె. అల్లా మీద ఒట్టు."

"నడువు," అంది వినోద. "పలకలు లేపి చూద్దం. నీళ్ళు యాడికెల్లి వచ్చినయో ఇయ్యాల తెల్వాలె."

"ఎక్కడికి?" గోపాల్ అడ్డం నిలబడ్డాడు. "సాయంత్రం ఆపరేషన్ ముంగట బాపు మాట వీడియో తీస్త. ఎట్ల పడ్డడో ఆయన నోటితోనే చెప్తడు. గది తీస్కొని ఠాణాకు పోత. అప్పటికి వీడు ఇక్కడుండాలె."

"ఉంటడు. నేను తోల్కొస్త."

*

రామవ్వ ఇంట్లోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక మామకు పట్టే జావ కాయడానికి పొద్దున వచ్చింది. ఫయాజ్ చేతిలో సుత్తి, పలకలు లేపే ఇనుప పట్టీ చూడగానే ఆమె సెల్లార్ మెట్లకు అడ్డంగా వచ్చింది.

"గిప్పుడెందుకు బిడ్డా గివన్ని? మనిషి అక్కడ చావు బతుకులల్ల ఉంటే నేలతోని ఏం పని?"

"నేలతోనే పని అత్తమ్మా. జర జరుగు."

రామవ్వ జరిగింది, కానీ పైకి వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

ఫయాజ్ గోడ వారన మొదటి పలక లేపాడు. కింద పొడి సిమెంటు. వేలితో గీస్తే తెల్లటి దుమ్ము లేచింది. రెండోది, మూడోది, అన్నీ పొడే. గది మధ్యకు వచ్చేసరికి పలక చప్పుడు చేస్తూ లేచింది, కింద నల్లటి నీళ్ళు, జిగట. కుళ్ళిన వాసనకు వినోద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ తడి మంచం కాళ్ళ దగ్గర సన్నగా మొదలై, తలుపు వైపు పోతూ పోతూ చేటలా వెడల్పయింది.

ఫయాజ్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"ఊట కాదక్కా. ఊటైతే గోడల పొంటి తడుండాలె. గీ నీళ్ళు పైకెల్లి పడ్డయ్, సందులకెల్లి కిందికి దిగినయ్." తలెత్తి స్లాబు చూశాడు. మచ్చ కూడా లేదు. "పైన పైపు లేదు, ఏం లేదు. మరి పైకెల్లి ఎట్ల పడ్డయ్? నాకైతే దిమాక్ పని చేస్త లేదు."

జిగట పట్టిన పలకలు చంకన పెట్టుకుని సందులో ఉన్న ట్రాలీ ఆటో దగ్గరికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది.

కాలనీ అవతల గుట్ట మీద గ్రానైట్ క్వారీ ఉంది. బండ పేల్చే ముందు అక్కడివాళ్ళు సైరన్ వేస్తారు. మధ్యాహ్నం పూట మోగుతుందని వినోదకు తెలుసు, కానీ ఆ వేళకు ఆమె ఎప్పుడూ పోస్టాఫీసు కౌంటర్‌లో ఉంటుంది. గోపాల్ కాలేజీలో ఉంటాడు. ఆదివారం క్వారీ బంద్.

రామవ్వ మెట్టు మీంచి లేచింది. ఎవరో పిలిచినట్టు తిన్నగా నడిచింది. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న పాత గుడ్డ తీసింది. మూలనున్న బకెట్ అందుకుంది. గది మధ్యకు వచ్చి, వంగి, గుడ్డ నేల మీద వేసి ఒక్కసారి లాగింది. రెండోసారి లాగబోయి ఆగిపోయింది.

ధడామని గుట్ట అదిరింది. కిటికీ అద్దం గలగలమంది.

"అత్తమ్మా," అంది వినోద. "ఎవలు పోసిన నీళ్ళు తుడుస్తానవ్?"

రామవ్వ లేవలేదు. ఆ వంగిన నడుముతోనే నేలమీద కూలబడింది.

"సైరన్ ఇనవడంగనే మీ మామకు బాయి యాదికొస్తది బిడ్డా. ఇదే బాయి అనుకుంటడు. బొగ్గు పగులగొట్టనీకె తూట పేల్చే ముంగట నేల తడపాలెనట. లేకుంటే బొగ్గు దుమ్ముకు మంట అంటుకొని మందంత కాలుతరట. మగ్గుతోని నీళ్ళు తెచ్చి సల్లుతడు. నన్ను గూడ పక్కకు జరుగు, పక్కకు జరుగు అని మొత్తుకుంటడు. నన్ను ఎవలనుకుంటడో ఏమో. గా సప్పుడైనంక నిమ్మలమైతడు. మంచంల కూసోని చాయ్ అడుగుతడు. ఏం యాదుండది."

"ఎప్పటి సంది?"

"గీ రూంలకు వచ్చినప్పటి సంది."

"మరి మాకెందుకు చెప్పలే? టైల్స్ తీసినం, పలకలు ఏసినం. నేను దుకాణాల పొంటి తిరుగుతుంటె నువ్వు చూసుకుంట కూసున్నవా?"

రామవ్వ కళ్ళెత్తింది. ఆ కళ్ళలో భయం చూసి వినోద కోపం తడబడింది.

"మా క్వార్టర్ల లైన్ల సాంబయ్య ఉండె. బుద్ధి తప్పిందని కొడుకులు రూంల ఏసి గొళ్ళెం పెట్టిన్రు. పొలగాండ్లు కిటికీల నుంచి రాళ్ళేసేటోళ్ళు. అంతకుముందు సాంబన్న అని పిలిచినోళ్ళే పిచ్చి సాంబడు అన్నరు. మీ మామ సర్దారు బిడ్డా. చెయ్యెత్తితే బాయిల మందంత ఆగేటోళ్ళు. ఆయనను పిచ్చోడంటే నేను ఎట్లినాలె?"

రామవ్వ గొంతు ఇంకా కిందికి దిగింది.

"నిన్న ఆయన పడ్డంక నేను ముందు కేక పెట్టలే. నేల తుడిచిన. మగ్గు కడిగి అవతల పెట్టిన. ఆయన మూలుగుతనే ఉన్నడు. అన్ని అయినంక నీకు ఫోన్ చేసిన."

వినోదకు అరవాలనిపించింది. ఎదురుగా ఉన్న ముసలి చేతుల వేళ్ళు గుడ్డను పిండుతూనే ఉన్నాయి. ఇన్ని నెలలుగా ప్రతి మధ్యాహ్నం ఆ చేతులు అదే పని చేశాయి.

రామవ్వ ఆమె చెయ్యి పట్టుకుని లాగి తన నెత్తి మీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టు. ఎవలకు చెప్పకు. గోపాలుకు గూడ."

"అత్తమ్మా, అక్కడ ఫయాజ్ మీద..."

"ఒట్టు బిడ్డా."

వినోద చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బయట ఫయాజ్ ఆటోకు తాడు కడుతున్నాడు. ఆమెను చూసి అడిగాడు. "అక్కా, సాయంత్రం నేనేం చెప్పాలె? ఠాణా అంటే మా అమ్మీకి బుగులైతది. బజార్ల రేపు నా దగ్గర ఎవలు కొంటరు?"

"నీ మీద మాట రానియ్య. ఒకటి చెప్పు ఫయాజ్. గీ రూంల దినాం నీళ్ళు పడ్తయనుకో. బంద్ చెయ్యనీకె రాదనుకో. ఏం నేల ఎయ్యాలె?"

"బాత్రూం కడ్తున్నవా అక్కా?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. "నీళ్ళు ఆపాలె ఆపాలె అనే ఇన్ని దినాలు చూసినం. పడ్తయని ముందే తెలిస్తే కత వేరే. అతికిచ్చేది ఏదీ వద్దు. పాలిష్ లేని గరుకు షాబాద్ బండలు. దర్వాజ దిక్కు జర వాలు పెట్టి, గోడ పొంటి చిన్న కాలువ ఇడిస్తే నీళ్ళు వాటంతట అవ్వే సందులకు పోతయ్. పట్టుకొని నడువనీకె ఒక కడ్డీ."

"గదే ఎయ్యి."

"కానీ నీళ్ళెవలు..."

"అడగకు."

*

రామవ్వతో కలిసి ముగ్గురూ దవాఖానకు చేరేసరికి హనుమండ్లుకు ఆపరేషన్ గౌను తొడిగారు. గోపాల్ ఫోన్ లైటు వేసి తండ్రి ముఖం మీదికి పట్టాడు. నవనీత తల దగ్గర నిలబడింది.

"బాపూ, ఎట్ల పడ్డవో చెప్పు. పలక లేచి కాలుకు తాకిందా?"

నొప్పి మందుతో బరువెక్కిన కళ్ళు లైటు వైపు తిరిగాయి. పెదాలు కదిలాయి.

"మందంత బయటికొచ్చిన్రా?"

"ఏం మంది బాపూ?"

"అందరు రావాలె. లెక్క చూసుకో. అందరొచ్చినంకనే..."

నవనీత బావురుమంది. "మందు మత్తుల ఏందేందో అంటుండు. వదిలెయ్యన్నా." రామవ్వ జావ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆమె కళ్ళు కోడలి ముఖాన్ని వెతుకుతున్నాయి.

గోపాల్ ఫోన్ తిప్పి ఫయాజ్ వైపు పట్టాడు. "బాపు చెప్పకున్నా మంచిదే. నువ్వే చెప్పు. తడి ఉన్న జాగల గా పలకలు ఎందుకేసినవ్? చెప్పు, ఇక్కన్నే చెప్పు."

ఫయాజ్ వినోద వైపు చూశాడు.

"ఫయాజ్‌ది తప్పు లేదు," అంది వినోద. "నీళ్ళు నేను పోసిన."

వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"ఏమన్నవ్?"

"దినాం డ్యూటీకి పొయ్యే ముంగట రూం కడిగేదాన్ని. బకెట్లతోని. నీళ్ళు పలకల కిందికి దిగినయ్. ఫయాజ్ పొయ్యొద్దనే చెప్పిండు. నేనే ఇనలే."

అబద్ధం నోటినుంచి ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఫయాజ్ ఆమెను కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. నవనీత నుదురు కొట్టుకుంది.

"ఇన్నవా అన్నా? పొద్దటి సంది నేను ఏం మొత్తుకుంటున్న? తడిల పండవెట్టింది సాలదని నీళ్ళు గూడ పోసిందట! అయ్యో బాపూ, నీకు గీ ఇంట్ల ఎవలు దిక్కు లేకపాయెనా!"

గోపాల్ భార్యను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దాని బదులు ఇంకేదో, ఆమె ఎన్నడూ చూడనిది. రేపటినుంచి ఆ చూపుతోనే కాపురం చెయ్యాలని వినోదకు అర్థమైంది.

"నవనీతా, బాపును నువ్వే తీస్కపో," అన్నాడు మెల్లగా. "గా ఇంటికి వద్దు."

వార్డు బాయ్స్ స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చారు. "జరుగుండ్రి, జరుగుండ్రి. థియేటర్‌కు తీస్కపోవాలె."

"ఆమె పొయ్యలే."

గుమ్మంలోంచి వచ్చిన ఆ మాట మొదట ఎవరికీ వినిపించలేదు. రామవ్వ జావ గిన్నె పక్క బల్ల మీద పెట్టింది. లోపలికి వచ్చింది.

"కోడలు పొయ్యలే అంటున్న. ఉత్తగ మీదేసుకుంటుంది."

"అత్తమ్మా, వద్దు," అంది వినోద.

"నువ్వు సప్పుడు చెయ్యకు బిడ్డా. నీ ఒట్టు నేను తీసేసుకున్న."

గోపాల్ తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "ఏం ఒట్టు? అవ్వా, నీళ్ళు పోసింది నువ్వా?"

"నేను తుడిచిన. దినాం తుడిచిన."

"మరి ఎవలు పోసిన్రు? ఇంట్ల ఇంకెవలున్నరు? చెప్పు అవ్వా. ఎవల పేరు దాస్తున్నవ్?"

రామవ్వ మంచం దగ్గరికి నడిచింది. భర్త కప్పుకున్న దుప్పటి అంచు సర్ది, అతని గుండె మీద అరచెయ్యి ఆనించింది. అతను ఆ చేతి వైపు చూశాడు, ఎవరిదో గుర్తుపట్టాలని ప్రయత్నిస్తున్నట్టు. పెళ్ళైన నాటినుంచి ఆమె అతన్ని ఏమయ్యా అని పిలిచింది, గోపాలు బాపు అని చెప్పింది. ఓటు దగ్గర, రేషన్ దుకాణం దగ్గర అడిగితే పక్కవాళ్ళ వైపు చూసేది, వాళ్ళే చెప్పేవాళ్ళు. మొగుని పేరు ఆ నాలుక మీదికి ఎన్నడూ రాలేదు.

ఆమె ఫోన్ లైటుకేసి తలెత్తింది. కళ్ళు మూయలేదు.

"సైరన్ మోగంగనే, బాయిల ఉన్న అనుకొని, మంది కాలుతరని బుగులు వడి," అంది రామవ్వ, "గా నీళ్ళు సల్లింది హనుమండ్లు."